ఒలీవియా పెళ్లి నిజమా, అబద్ధమా?

(కమలాపురంలో జరిగిన మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ మీరు కేసుల గురించీ, చట్టాల గురించీ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఒక గంట సాహిత్యానికి కేటాయించి నన్ను పిలిచారు. పొద్దున టీ తాగేటప్పుడు ఒక అక్క "ఈ పొద్దు ఏం చెప్తావు మేడమ్?" అని అడిగింది. 1766లో అచ్చయిన ఒక ఇంగ్లీషు నవల గురించి అన్నాను. ఆమె నవ్వింది. మాకు దాంతో ఏం పని అని నోటితో అనలేదు కానీ ఆ నవ్వుకి అర్థం అదే. అడగవలసిన ప్రశ్నే అది.

పని ఉంది. ఒకటి, ఆ నవల మన తెలుగు నవల పుట్టుకలో ఒక చెయ్యి వేసింది. రెండు, మన పంచాయితీల్లో మీరందరూ విన్న మాట ఒకటుంది: "జరిగిందేదో జరిగింది, ఆ పిల్లోనికే ఇచ్చి పెండ్లి చేస్తే సరిపాయె గదా!" ఆ నవల ముగింపు కూడా సరిగ్గా అదే. ఆ ముగింపును రెండున్నర శతాబ్దాలుగా పెద్ద పెద్ద విమర్శకులు ఎట్లా చదివారు, దేన్ని చూడకుండా దాటిపోయారు అన్నదే ఈ రోజు నా ప్రసంగం.

ముందు కథ చెప్పాలి. నవల పేరు 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. రాసినవాడు ఆలివర్ గోల్డ్‌స్మిత్. ఐర్లండులో పుట్టి, లండన్‌లో కలాన్ని నమ్ముకుని బతికిన మనిషి. వికార్ అంటే ఊరి చర్చి పాదిరీ. ఈ పాదిరీ పేరు డాక్టర్ ప్రిమ్‌రోజ్. కథంతా ఆయన నోటితోనే నడుస్తుంది. ఆయన భార్య డెబొరా. ఆరుగురు పిల్లల్లో ఇద్దరు ఆడపిల్లలు, ఒలీవియా, సోఫియా. మొదటి పేజీలోనే ఆయన ఒక మాట అంటాడు. నా భార్య తన పెళ్లిగౌను గుడ్డను ఎట్లా ఎంచుకుందో నేను ఆమెను అట్లాగే ఎంచుకున్నాను, మెరుపు చూసి కాదు, మన్నిక చూసి, అని. దీన్ని హాస్యం అంటారు. హాస్యమే. కానీ మన్నిక అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ప్రిమ్‌రోజ్ డబ్బంతా దాచిన వర్తకుడు మునిగిపోయి పారిపోతాడు. కుటుంబం ఒక చిన్న పల్లెకు చేరుతుంది. ఆ పల్లెకు దొర ఒక యువకుడు, థార్న్‌హిల్. ఆస్తి నిజానికి అతని బాబాయిది. దొర ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు. తల్లి ఆశపడుతుంది. చివరికి ఒలీవియాను పెళ్లి పేరు చెప్పి రహస్యంగా తీసుకుపోతాడు. పాదిరీ వచ్చాడు, మంత్రం చదివాడు, పెళ్లి అయింది. కొన్నాళ్లకు ఒలీవియాకు తెలుస్తుంది, ఇదే పాదిరీ చేత ఇదే దొర అంతకుముందే ఆరెనిమిది మందిని ఇట్లాగే 'పెళ్లి' చేసుకున్నాడని. ఆమె బయటపడుతుంది. తండ్రి వెతుక్కుంటూ పోయి ఇంటికి తీసుకొస్తాడు. ఆ రాత్రే ఇల్లు తగలబడుతుంది. తరవాత దొర బాకీ కింద తండ్రిని జైలుకు పంపిస్తాడు. తాను మాత్రం ఇంకో డబ్బున్న అమ్మాయితో పెళ్లికి సిద్ధపడతాడు. జైల్లో ఉన్న తండ్రికి ఒలీవియా చనిపోయిందని కబురు వస్తుంది.

ఇక్కడి నుంచి ముడులు విప్పడం మొదలవుతుంది. ఇంటికి వచ్చిపోతుండే బీద మనిషి బర్చెల్ మారువేషంలో ఉన్న దొర బాబాయి అని తెలుస్తుంది. ఒలీవియా చనిపోలేదని తెలుస్తుంది. అసలు గుట్టు మాత్రం జెంకిన్‌సన్ అనే మోసగాడు విప్పుతాడు. దొంగ పాదిరీని తెమ్మని దొర పురమాయించింది ఇతన్నే. ఇతను దొంగను కాక నిజమైన పాదిరీని, నిజమైన లైసెన్సును తెచ్చాడట! ఎందుకు? ఒలీవియా మీద జాలితో కాదు. పెళ్లి నిజమైతే, ఆ రుజువు చేతిలో పెట్టుకుని దొర దగ్గర ఎప్పుడంటే అప్పుడు డబ్బు గుంజవచ్చని. అంటే ఒలీవియా 'పరువు' నిలిచింది ఒక మోసగాడు ఇంకో మోసగాడిని బెదిరించడానికి దాచుకున్న కాగితం మీద.

జైలు గదిలో అందరూ సంతోషిస్తారు. ఒలీవియా చెంపలు కూడా ఆనందంతో ఎరుపెక్కాయని తండ్రి మనకు చెప్తాడు. బాబాయి దొర ఆస్తిలో మూడో వంతు ఆమెకు ఇప్పిస్తాడు. ఇంతవరకూ బాగుంది. అయితే, ఈ మనిషి నీకు మొగుడుగా కావాలా అని ఆమెను ఎవరూ అడగరు. దొర ఒక బంధువు ఇంట్లో కాలం గడుపుతూ సంగీత వాద్యం నేర్చుకుంటుంటాడు. అతను మారితే తాను మెత్తబడవచ్చునని కూతురు తనతో చెప్పిందని తండ్రి అంటాడు. కథ కంచికి.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. పెళ్లి నిజమని తేలగానే పోయింది ఒలీవియా అవమానం ఒక్కటే కాదు. దొర నేరం కూడా పోయింది. దొంగ పెళ్లి అయితే అది మోసం, ఆడపిల్లను చెరపట్టడం. నిజం పెళ్లి అయితే అది కాపురం. జరిగిన పనిలో పిసరంత తేడా లేదు. వాడి ఉద్దేశం అదే, ఆమె అనుభవించిన బాధ అదే. మారింది ఒక్క లైసెన్సు కాగితం. ఈ నవల మీద నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. దీన్ని పట్టుకుని విమర్శకుల దగ్గరికి పోదాం.

ఈ నవల పుట్టుక గురించి ఇంగ్లీషు సాహిత్య చరిత్రలన్నీ ఒక ముచ్చట చెప్తాయి. అద్దె కట్టలేదని ఇల్లుగలామె గోల్డ్‌స్మిత్‌ను అరెస్టు చేయిస్తే, స్నేహితుడు శామ్యూల్ జాన్సన్ వచ్చి, రాతప్రతి తీసుకుపోయి అరవై పౌన్లకు అమ్మి ఆ బాకీ తీర్చాడని. జాన్సన్ జీవితచరిత్రలో బాస్వెల్ రాశాడు. అందరూ ఆ ఇల్లుగలామెను గయ్యాళిగా చూపిస్తారు. అద్దె మీద బతికే ఆడమనిషి అద్దె అడిగింది, అంతే కదా! పోనీండి.

అచ్చయిన కొత్తలో సమీక్షకులు దీన్ని ఏమనాలో తెలియక తబ్బిబ్బయ్యారు. పాఠకులు మాత్రం పట్టుకున్నారు. 1768లో పదహారేళ్ల ఫానీ బర్నీ దీన్ని చదివి తన డైరీలో రాసుకుంది. తరవాత పదేళ్లకు 'ఎవలీనా' అనే నవల తన పేరు లేకుండా ప్రచురించి పెద్ద రచయిత్రి అయిన అమ్మాయి ఈమె. మొదట్లో నవల మీద ఆమెకు విసుగు పుట్టింది. ఎందుకంటే ఈ పాదిరీ తన భార్య గురించి అంత చులకనగా, అంత నిర్లక్ష్యంగా మాట్లాడతాడని. రెండో భాగానికి వచ్చేసరికి ఏడ్చాననీ రాసింది. రెండూ నిజాయితీ గల మాటలే. భార్యను గౌను గుడ్డతో పోల్చిన వాక్యం దగ్గర అందరూ నవ్వితే, నవ్వని పాఠకురాలు ఒకతి ఉంది. ఆమె డైరీ ఆమె చనిపోయాక ఎంతో కాలానికి గానీ అచ్చు కాలేదు. విమర్శ చరిత్రలో ఆ మాటకు చోటు దొరకనిది అందుకే.

చోటు దొరికింది గెటేకి. 1770 శీతాకాలంలో స్ట్రాస్‌బర్గ్‌లో హెర్డర్ ఈ నవలను జర్మన్ అనువాదంలో పైకి చదివి వినిపించాడు. యువకుడైన గెటే పరవశించిపోయాడు. తరవాత ఆత్మకథలో దీన్ని ఎంతగానో పొగిడాడు. ఆ రోజుల్లోనే సెసెన్‌హైమ్ అనే పల్లెలో ఒక పాదిరీ ఇంటికి పోయి, ఆ కుటుంబం అచ్చం నవలలోని కుటుంబంలాగే ఉందని మురిసిపోయాడు. ఆ ఇంటి కూతురు ఫ్రెడెరికే బ్రియాన్‌ను ప్రేమించాడు. 1771లో ఆమెను వదిలేసి వెళ్లిపోయాడు. ఆమె ఇక పెళ్లి చేసుకోలేదు, 1813లో చనిపోయింది. గెటే పొగడ్తను విమర్శకులు వందల సార్లు ఎత్తి చూపారు. నవల చదివి పాదిరీ ఇల్లంతా తనదే అనుకున్న పాఠకుడు దొర పాత్రలోకి ఎట్లా జారాడో మాత్రం ఎవరూ ఎత్తి చూపలేదు. నేను ఆయన్ని దుర్మార్గుడనడం లేదు. పుస్తకంలో ఒలీవియా కోసం కన్నీళ్లు పెట్టడం వేరు, పక్కన ఉన్న ఒలీవియాను చూడడం వేరు.

పందొమ్మిదో శతాబ్దంలో ఇది ఇంగ్లండులో ఇంటింటి పుస్తకం. శతాబ్దం చివర, 1900లో, హెన్రీ జేమ్స్ ఒక ముద్రణకు ముందుమాట రాస్తూ, ఇది మన సాహిత్యంలో గారాబంగా పెరిగిన బిడ్డ అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. తప్పులున్నా ముద్దొస్తుందని భావం. 1960ల చివర కొందరు విమర్శకులు కొత్త వాదం తెచ్చారు. పాదిరీని చూసి మనం జాలిపడాలని రచయిత ఉద్దేశం కాదు, ఆయన డబ్బు ఆశనూ అమాయకపు గర్వాన్నీ ఎగతాళి చేస్తున్నాడని. అప్పటి నుంచీ నవల వ్యంగ్యమా, కరుణా అనే చర్చ నడుస్తోంది. మంచి చర్చే. కానీ అదీ తండ్రి చుట్టూనే తిరుగుతుంది.

వీళ్లందరిలో మనకు అతి ముఖ్యమైనవాడు మెకాలే. పేరు మీకు తెలుసు, ఇంగ్లీషు చదువుల మెకాలే. 1856లో గోల్డ్‌స్మిత్ మీద రాసిన వ్యాసంలో, ఈ నవలకున్నంత అధ్వాన్నమైన కథ అల్లిక ఇంకోటి లేదన్నట్టు రాశాడు. నమ్మశక్యంగా లేదు, పొంతన లేదు అన్నాడు. మొదటి అధ్యాయాల సొగసును మాత్రం మెచ్చుకున్నాడు. ఈ మెకాలేనే మన దేశంలో మొదటి లా కమిషన్‌కు అధ్యక్షుడు. ఆ కమిషన్ 1837లో తయారుచేసిన ముసాయిదా నుంచే 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ వచ్చింది. అందులో 493వ సెక్షన్ ఏమిటి? చట్టబద్ధంగా పెళ్లి కాకపోయినా అయిందని ఒక స్త్రీని మోసంతో నమ్మించి ఆమెతో కాపురం చేసినవాడికి పదేళ్ల వరకూ జైలు. ఇది ఒలీవియా సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇదే 81వ సెక్షన్‌గా ఉంది. నవలలో కథ అల్లిక తప్పులు లెక్కబెట్టిన మనిషికీ చట్టం అల్లిన మనిషికీ మధ్య ఎక్కడా మాటలు కలవలేదు.

ఈ సెక్షన్‌ను నవల పక్కన పెట్టి చదవండి. పెళ్లి అబద్ధమైతేనే నేరం. రేపు ఎవరో ఒక జెంకిన్‌సన్ వచ్చి, లేదు సార్, పెళ్లి నిజమే, ఫోటోలున్నాయి, గుళ్లో రసీదు ఉంది అంటే నేరం ఆవిరి. ఇంకోవైపు, పెళ్లి నిజమైతే పద్దెనిమిదేళ్లు నిండిన భార్యతో భర్త బలవంతం చేసినా అది అత్యాచారం కాదని పాత కోడ్ నుంచి కొత్త కోడ్‌లోకి, 63వ సెక్షన్ మినహాయింపుగా, అట్లాగే దిగుమతి చేసుకున్నారు. కాబట్టి పెళ్లి నిజమా అబద్ధమా అన్న ప్రశ్నకు 'నిజం' అని జవాబొస్తే లాభం ఎవరికో చూడండి.

ఇక తెలుగు సంగతికి వద్దాం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ నవలను తెలిగించాలని మొదలుపెట్టి, నచ్చక వదిలేసి, సొంతంగా 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1878లో 'వివేకవర్ధని' పత్రికలో ధారావాహికగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. ధవళేశ్వరం బ్రాహ్మణ కుటుంబం. కలిగినవాడైన రాజశేఖరుడు పొగడ్తలకు పడిపోయి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, ఆస్తి పోగొట్టుకుంటాడు. ఊరు విడిచి కాశీకి బయల్దేరతాడు. దొంగలు, జైలు, మారువేషంలో తిరిగే రాజు, చివర్లో అందరూ కలుసుకోవడం. వేక్‌ఫీల్డ్ నీడ కనబడుతూనే ఉంటుంది. దీన్ని హచిన్‌సన్ అనే మిషనరీ ఇంగ్లీషులోకి తిప్పితే 1887లో 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో లండన్‌లో అచ్చయింది. అక్కడి నవల ఇక్కడికి వచ్చి, వేషం మార్చుకుని, తిరిగి అక్కడికే పోయిందన్నమాట.

ఒలీవియా స్థానంలో ఇక్కడ ఉన్నది రుక్మిణి, రాజశేఖరుడి పెద్దకూతురు. ఆమెది దొంగ పెళ్లి కాదు. ఇంకా మన దేశపు కష్టం. భర్త నృసింహస్వామి చనిపోయాడని కబురు వస్తుంది. ఆమె విధవ. దారిలో దొంగలు కొడితే చచ్చిపోయిందనుకుని అడవిలో వదిలేస్తారు. ఆమె తెలివి తెచ్చుకుని, మగవేషం వేసుకుని, ఒంటరిగా బతుకుతుంది. 1878లో తెలుగు రచయిత ఒక విధవ చేత పంచె కట్టించి రోడ్డు మీద నడిపించాడు! నాకు ఆ భాగం అంటే ఇష్టం. ఆ కొద్ది పేజీల్లో రుక్మిణికి బొట్టు లేదు, గాజులు లేవు, ఎవరి అనుమతీ లేదు, అయినా చావలేదు.

చివర్లో ఏమవుతుంది? నృసింహస్వామి బతికే ఉన్నాడు. కబురు అబద్ధం. రుక్మిణి విధవ కాదు. అందరూ సంతోషం.

ఇది రాసింది ఎవరు? 1879లో వితంతు వివాహాలు చెయ్యాలని ఉపన్యాసాలు మొదలుపెట్టి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించి, వెలి, కోర్టులు, బెదిరింపులు అన్నిటినీ ఎదిరించిన మనిషి. ఆ ధైర్యాన్ని తక్కువ చేసే హక్కు మనకెవరికీ లేదు. కానీ ఆయన జీవితంలో చేసిన పని ఆయన నవల చెయ్యలేదు. నవలలో విధవను విధవగానే ఉంచి ఆమెకు బతుకు చూపించలేకపోయాడు. మొగుణ్ని బతికించాల్సి వచ్చింది. గోల్డ్‌స్మిత్ దగ్గర ఆయన తీసుకున్న అసలు అప్పు ఇదే అని నా అభిప్రాయం. పాదిరీ కుటుంబాన్నీ మారువేషపు రాజునూ తీసుకోవడం పెద్ద విషయం కాదు. చిక్కుప్రశ్న వేసి, జవాబు చెప్పే సమయానికి ప్రశ్నే లేదని తేల్చే ముగింపును తీసుకున్నాడు.

మన విమర్శకులు దీన్ని ఎట్లా చదివారు? 1890లలో కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు పెద్ద విమర్శ రాశారు. ఈ రచన వేక్‌ఫీల్డ్‌కు ఎంత దగ్గర, ఎంత దూరం, ఇది సొంతమా అనుకరణా అన్నది వాదం. 'నవల' అన్న పేరు తెలుగులో స్థిరపడడానికి కూడా ఆయనే కారణం. కొత్త విశేషాలను గ్రహించేది నవల అని సంస్కృత వ్యుత్పత్తి చెప్పారు. తమాషా ఏమిటంటే, మన కావ్యభాషలో నవల అంటే స్త్రీ. నిఘంటువు తీసి చూడండి. స్త్రీ పేరు పెట్టుకున్న ప్రక్రియ మీద వందేళ్లకు పైగా నడిచిన పెద్ద చర్చ ఏది మొదటి నవల అన్నది. వీరేశలింగం వర్గం ఒకటి, కాదన్న వర్గం ఒకటి.

కాదన్నవాళ్లు చూపించే పుస్తకం మన జిల్లాలకు దగ్గరిది. నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారి 'శ్రీరంగరాజ చరిత్ర', 1872. ఆయన కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. 1886లో వచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఆయన కూర్చిందే. మన దేశస్థుల ఆచారాలను తెలియజేసే కథలు రాయాలన్న లార్డ్ మేయో ప్రకటన చూసి రాశానని చెప్పుకున్నారు. ఈ నవలకు ఇంకో పేరు 'సోనాబాయి పరిణయము'. సోనాబాయి లంబాడీ పిల్ల. రాజకుటుంబపు రంగరాజు ఆమెను ప్రేమిస్తాడు. మన తండాలు కళ్ల ముందు పెట్టుకుని ఆలోచించండి, 1872లో తెలుగు నవల ఒక సుగాలి పిల్లను నాయికను చేసింది. అంతకు ముందు ఏడాదే, 1871లో, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఉత్తరాదిలో వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 1911లో వస్తే లంబాడీలూ ఆ జాబితాలో చేరారు. చివర్లో ఏం జరుగుతుందో మీరే చెప్పగలరు. సోనాబాయి పుట్టుకతో లంబాడీ కాదని, గొప్పింటి బిడ్డేనని తేలుతుంది. పెళ్లికి అడ్డు తొలగిపోయింది.

ఒలీవియా పెళ్లి నిజమని తేలింది. రుక్మిణి మొగుడు బతికున్నాడని తేలింది. సోనాబాయి కులం మంచిదని తేలింది. మూడు చోట్లా 'తేలింది'. సోనాబాయి నిజంగానే తండా పిల్ల అయితే? నృసింహస్వామి నిజంగానే చచ్చిపోయి ఉంటే? ఈ మాట అడగకుండా మన విమర్శ, ముందు ఎవరు రాశారన్న దగ్గర ఆగిపోయింది. తేదీలు ముఖ్యం కావని కాదు, నేనూ పరిశోధకురాలినే, తేదీలతోనే బతుకుతాను. కానీ ఇద్దరు మగవాళ్లలో పెద్దకొడుకు ఎవరని తగాదా పడుతున్నట్టుంటుంది ఆ చర్చ చదివితే.

ఇదే వీరేశలింగంగారు తరవాత 'గలివర్స్ ట్రావెల్స్' స్ఫూర్తితో 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాశారు. అందులో ఆడుమళయాళంలో రాజ్యం స్త్రీలది, పాతివ్రత్యం మగవాళ్లది. అక్కడ ముడి విప్పే అవసరం లేదు, ఎందుకంటే అది ఊహాలోకం. ధవళేశ్వరంలో చెప్పలేని మాట ఆడుమళయాళంలో చెప్పాడు.

ఇంగ్లీషులో ఈ ముగింపును తిప్పికొట్టింది జేన్ ఆస్టెన్ అని నా నమ్మకం. ఆమెకు వేక్‌ఫీల్డ్ బాగా తెలుసు, 'ఎమ్మా'లో ఒక పాత్ర ఆ పుస్తకం చదివినట్టు చెప్పిస్తుంది. 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో లిడియా విక్కమ్‌తో లేచిపోతుంది. ఇక్కడా పరిష్కారం వాడితోనే పెళ్లి. కానీ ఆస్టెన్ ఖర్చు లెక్క రాసి చూపిస్తుంది. వాడి అప్పులు వెయ్యి పౌన్లకు పైమాటే, అవి తీర్చాలి. పిల్ల పేరున ఇంకో వెయ్యి. వాడికి సైన్యంలో ఉద్యోగం కొనిపెట్టాలి. చెడిపోయిన పేరు బాగుచెయ్యడానికి ఒక మగవాడికి కట్టిన కూలి ఇదీ అని, కన్నీళ్లు లేకుండా, కిరాణా చీటీలా ముందు పెడుతుంది. తల్లి సంబరపడుతుంది, పాఠకులం సంబరపడలేం.

ఇప్పుడు మన కేసుల దగ్గరికి. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు 2015 జూలైలో స్పష్టంగా చెప్పింది, అత్యాచారం కేసుల్లో రాజీ గానీ నిందితుడితో పెళ్లి గానీ పరిష్కారంగా ఆలోచించనే కూడదని. అదే కోర్టులో 2021 మార్చిలో ఒక నిందితుడి బెయిలు విచారణలో, ఆమెను పెళ్లి చేసుకుంటావా అన్న ప్రశ్న వచ్చినట్టు పత్రికలు రాస్తే దేశమంతా మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. తమ మాటను తప్పుగా రాశారని తరవాత కోర్టు అంది. 2015 తీర్పు కాపీ మీ ఫైళ్లలో ఉండాలి. పంచాయితీ పెద్దలు "కోర్టులే చేయిస్తున్నాయి గదమ్మా" అంటే చూపించడానికి పనికొస్తుంది.

పెళ్లి నిజమా అన్న ప్రశ్న ఎంత దూరం పోతుందో 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్ కేసులో చూశాం. పోలీసులు ఒక పేద ముస్లిం స్త్రీ మీద అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. ఆమె పేరు మీ అందరికీ తెలుసు, నేను ఇక్కడ చెప్పను. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో అందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఈ దారి పొడవునా పోలీసుల తరఫువాళ్లు పట్టుకున్న ఆయుధం ఏమిటి? ఆమె నికా చెల్లదు, చచ్చిపోయినవాడు ఆమె అసలు భర్త కాదు, కాబట్టి ఆమె 'అలాంటి' మనిషి. స్టేషన్లో జరిగినదానికీ ఆమె పెళ్లి కాగితానికీ సంబంధం ఏమిటి అని అడిగినవాళ్లు మన ఉద్యమంలోనే ఉన్నారు. ఒలీవియాకు లైసెన్సు దొరికింది కాబట్టి జైలు గదిలో అందరూ నవ్వారు. దొరకని ఆడవాళ్ల గతి ఇది.

కొందరు మిత్రులు ఇక్కడ నాతో వాదిస్తారని తెలుసు. "మేడమ్, కడుపుతో ఉన్న పిల్ల, తల్లిదండ్రులు ఇంట్లోకి రానివ్వరు, ఆ పిల్లే వాడే కావాలంటుంది. మేమేం చెయ్యాలి?" నిజమే. పెళ్లే వద్దని మనం పైనుంచి ఆజ్ఞ వెయ్యలేం. ఒలీవియాకు మూడో వంతు ఆస్తి ఇప్పించిన బాబాయి కనీసం ఆ మేరకు మన పెద్దలకన్నా నయం. ఆస్తి ముందు ఆమె పేరున రాయించి, నివాసం వేరుగా చూపించి, ఆ తరవాత "నీకు కావాలా?" అని ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే చాలా మంది జవాబు మారుతుంది. ఊరి అరుగు మీద నలభై మంది మగవాళ్ల ముందు నించోబెట్టి "నీకు ఇష్టమేనా?" అంటే తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్నే పాదిరీగారు చెంపలు ఎరుపెక్కాయని రాసుకున్నారు.

తెలుగులో ఈ 'తేలడం' లేకుండా నవల ముగించే ధైర్యం స్త్రీలకు వచ్చింది. 1962 నాటి 'బలిపీఠం'లో రంగనాయకమ్మ ఒక బ్రాహ్మణ వితంతువుకూ దళిత యువకుడికీ పెళ్లి చేసి, ఆ పెళ్లిలోని కులాన్ని మాయం చెయ్యకుండా చివరిదాకా నడిపించింది. ఆ చిత్రణ మీద మనకు అభ్యంతరాలుండవచ్చు, కానీ దొంగ కబురు లేదు. 1987లో ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ ఇల్లు వదిలి పోతుంది. భర్త రాక్షసుడని తేలదు. మామూలు మనిషే. దానికే విమర్శకులు అంత ఉలిక్కిపడ్డారు. బిడ్డను వదిలిపోతుందా, బయటికి పోతే స్వేచ్ఛ వస్తుందా, ఇది దిగుమతి స్త్రీవాదం కాదా? దిగుమతి అన్న నింద 1890లలో వీరేశలింగం మీద వేశారు, దాదాపు వందేళ్ల తరవాత ఓల్గా మీద వేశారు. ఆయన మీద వేసినప్పుడు కథను గురించి, ఈమె మీద వేసినప్పుడు శీలాన్ని గురించి.

ఇంకో మాట. మాలతీ చందూర్ 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ఏళ్ల తరబడి ఇంగ్లీషు నవలలను తెలుగులో పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని వేలమంది ఇల్లాళ్లు ఆ పేజీల్లోనే విదేశీ నవలను చదివారు. 2013లో ఆమె చనిపోయినప్పుడు వచ్చిన నివాళుల్లో వంటల పుస్తకం గురించి ఎక్కువ రాశారు. ఆ పాఠకురాళ్లు ఏమనుకున్నారో ఏ విశ్వవిద్యాలయమూ అడగలేదు. మీ అమ్మలు, మీ అత్తలు ఇంకా ఉంటే అడిగి రాసి పెట్టండి. ఫానీ బర్నీ డైరీకి పట్టిన గతి వాటికి పట్టకూడదు.

మధ్యాహ్నం భోజనాల తరవాత సోనాబాయి మీద చర్చ పెడతామన్నారు. తండాల నుంచి వచ్చిన మిత్రులు దాన్ని నడిపితే బాగుంటుంది, నేను వింటాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.